ఎరుపుకి ఎరుపు

“‘ఆ డాక్టర్ వచ్చింది. ఇవాళతో మొత్తం బయటపడుతుంది.’ మా అల్లుడు అన్న మాట ఇదీ. గోడవతల కూర్చుని నా చెవులతో నేను విన్నాను. ఇంకా ఎన్నిసార్లు చెప్పించుకుంటారయ్యా, మీ అందరికీ చెవుడా?”

పెద్దావిడ అంత గట్టిగా అరవడానికి కారణం చెవుడే. కాకపోతే అది ఆవిడది.

“విన్నావుగా తమ్ముడూ” అన్నాడు ఇన్‌స్పెక్టర్, టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ. ఆయన నెత్తిమీద కేశాలన్నీ ఎప్పుడో పోయాయి గానీ చేతిలోంచి కేసు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ పోలేదని ఆయన నమ్మకం.

తమ్ముడూ అనడం ప్రేమ పొంగి కాదు. ఆయనదీ, ఎదురుగా నిలబడ్డ డిటెక్టివ్‌దీ ఒకే మామగారిల్లు. పెద్దమ్మాయిని ఆయన చేసుకున్నాడు, చిన్నమ్మాయిని ఈయన చేసుకున్నాడు. తోడల్లుడంటే తోడుండే అల్లుడని ఎవరో అమాయకుడు అర్థం చెప్పి ఉంటాడు. ఈ ఇద్దరి మధ్యా ఆ మాటలో అల్లుడి పాలు తక్కువ, తోడేలు పాలు ఎక్కువ. డిటెక్టివ్‌ని తెలిసినవాళ్ళంతా కూపీ అంటారు. కూపీ లాగడం ఆయన వృత్తి. లాగిన కూపీని మళ్ళీ లోపలికి తోసెయ్యడం ఇన్‌స్పెక్టర్ ప్రవృత్తి.

“విన్నాను అన్నగారూ” అన్నాడు కూపీ. “ఆవిడ చెప్పింది విన్నాను. ఆవిడ విన్నది మాత్రం నేను వినలేదు.”

“నీ మాటల గారడీ మీ అక్కని కాపాడదు.”

గోడవారగా కుర్చీలో కూర్చున్న డాక్టర్ తలెత్తింది. ఆవిడ పక్కన మహిళా కానిస్టేబుల్ నిలబడి ఉంది. డాక్టర్ కూపీకి సొంత అక్క. కింది వాటాలో క్లినిక్ ఆవిడది, పైవాటాలో ఈ రికార్డింగ్ స్టూడియో, దాన్ని ఆనుకునే ఓనరు ఇల్లు. నిన్న పొద్దున స్టూడియో ఓనరు, అంటే పెద్దావిడ అల్లుడు, ఈ గదిలోనే తల పగిలి పడిపోయాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఒంటిమీద తెలివి లేకుండా ఉన్నాడు, పక్కన భార్య కాపలా. పైన దబ్బుమన్న చప్పుడు విని మొదట పరిగెత్తుకొచ్చింది డాక్టరే. కట్టు కట్టింది డాక్టరే. రక్తమంటిన కోటు డాక్టర్‌దే. వారం కిందట, పాటల హోరుకి పేషెంట్ల గుండె చప్పుడు వినబడట్లేదని మెట్లమీద నిలబడి ఓనర్‌తో పోట్లాడింది కూడా ఆ డాక్టరే. ఇన్ని ‘డాక్టరే’ల మీద పెద్దావిడ మాట వచ్చి ముద్రలా పడింది.

“ఒరేయ్” అంది డాక్టర్. “నువ్వు చమత్కారాలు తర్వాత చేద్దువు గాని. నన్ను తీసుకెళ్ళారంటే రేపట్నుంచి నా గుమ్మం తొక్కేవాడుండడు. ఇరవయ్యేళ్ళు కష్టపడి పెట్టుకున్న క్లినిక్‌రా.”

“తెలుసక్కా.”

“తెలిస్తే ఏదైనా చెయ్. లేదంటే నోరు మూసుకో. రెండూ ఒకేసారి చేసినా నాకు అభ్యంతరం లేదు.”

కూపీ రెండూ ఒకేసారి చేశాడు. నోరు మూసుకుని గదంతా కలియజూశాడు.

కంట్రోల్ రూమది. అద్దం అవతల పాడేవాళ్ళ గది, ఇవతల మిక్సర్ బల్ల. బల్ల అంచున ఎండిన రక్తం. మధ్యలో లాప్‌టాప్. దాని పక్కన మూసిన లావుపాటి పుస్తకమంత ఇనప పలక. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లోంచి ఊడదీసిన హార్డ్ డిస్క్. దాన్ని లాప్‌టాప్‌కి కలపడానికి ఒక అడాప్టర్ తగిలించి ఉంది. ఆ అడాప్టర్‌కి రెండు తోకలు. ఒకటి లాప్‌టాప్‌లోకి పోయింది. రెండోది గోడకున్న ప్లగ్గులోంచి వచ్చే ఒక నల్లటి కరెంటు డబ్బాకి తగులుకుంది. అడాప్టర్ మీద ఎర్ర టేపు. కరెంటు డబ్బా వైరుమీదా ఎర్ర టేపే.

“దీన్నెవరైనా కదిలించారా?”

“మా వాళ్ళు స్విచ్ వేసి చూశారు. కుయ్యిమనలేదు. పాత ఇనుము. చచ్చింది” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఎప్పుడు చచ్చింది?”

“డిస్కుకి కూడా పోస్టుమార్టం చేయించమంటావా?”

“చేయిస్తే బాగుండేది. హార్డ్ డిస్క్ అని ఊరికే అనలేదు. సాఫ్ట్‌గా అడిగితే చెప్పే రకం కాదది.” కూపీ వంగి పలక అడుగున ఉన్న పచ్చటి బోర్డుని వాసన చూశాడు. కాలిన ప్లాస్టిక్ కంపు ముక్కుకి గుచ్చుకుంది. తర్వాత లాప్‌టాప్ తెరిచాడు. ఆఖరున తెరిచిన ఫైలు పేరు తెరమీద ఉంది, దాని పక్కన సమయం కూడా ఉంది. నిన్న పదకొండుంబావు. నొక్కితే మాత్రం ఫైలున్న డ్రైవ్ కనబడటం లేదంది.

“అక్కా, చప్పుడు ఎన్నింటికి విన్నావు?”

“పదకొండున్నర. పేషెంటుకి ఇంజక్షన్ చేస్తున్నాను. చేసి, అతన్ని పడుకోబెట్టి, పైకి పరిగెత్తాను. అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది. ఈ మాట వీళ్ళకి పదిసార్లు చెప్పాను.”

“ఆ పేషెంటు మత్తులో ఉన్నాడు” అని అందుకున్నాడు ఇన్‌స్పెక్టర్. “నిద్రపోయేవాడి సాక్ష్యం కోర్టులో నిలబడదు.”

“పడుకున్నవాడు నిలబడడు, నిజమే” అని కూపీ మోకాళ్ళమీద కూలబడి బల్ల కిందకి దూరాడు. దుమ్ములో చెయ్యి పెట్టి వెతికి, బల్లకోడు వెనక ఇరుక్కున్న ఇంకో కరెంటు డబ్బాని లాగాడు. దీనికి టేపు లేదు. ఏదో రిపేరు షాపు స్టిక్కరుంది. ఎవరో గట్టిగా గుంజినట్టు దాని వైరు మొదట్లో పెచ్చు లేచింది.

“ఆయన ఫోన్లో ఆఖరి కాల్ ఎవరికి?”

“రిపేరు షాపుకి. ఏదో సామాను గొడవ. మాకవసరంలేదు.”

సరిగ్గా అప్పుడే మెట్లమీద కానిస్టేబుల్‌కీ ఒకావిడకీ పెద్ద గొంతులతో వాదన మొదలైంది. కానిస్టేబుల్ ఓడిపోయాడు. భుజానికి సంచీ తగిలించుకుని, నలభయ్యేళ్ళావిడ గుమ్మంలో నిలబడింది.

“రిపేరు షాపు నాదే. నా అడాప్టర్ ఇక్కడుంది. నిన్న పంపాను, నిన్ననే తిప్పి పంపాలి. దాని కోసం ఇంకో కస్టమరు నా ప్రాణం తీస్తున్నాడు. నా సరుకు నాకిస్తే నా దారిన నేను పోతాను.”

“ఇది నేరం జరిగిన చోటమ్మా” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“అయితే మీ నేరం మీరుంచుకోండి. నా అడాప్టర్ నాకిచ్చెయ్యండి.”

కూపీకి ఆవిడ తెగ నచ్చింది. “కూర్చోండి మేడమ్. మీ సరుకు మీకిప్పించే పూచీ నాది” అన్నాడు.

“మీరెవరు?”

“ఈ ఇన్‌స్పెక్టర్‌గారి తోడల్లుణ్ణి.”

“పాపం” అందావిడ. ఎవరినన్నదో ఇద్దరికీ అర్థం కాలేదు గాని ఇద్దరూ తమనే అనుకున్నారు.

ఇంతలో లోపలి గదిలోంచి పెద్దావిడ కొడుకు వచ్చాడు. ఓనర్‌కి బావమరిది, స్టూడియోలో వాటాదారు. ఇస్త్రీ చొక్కా, నలిగిన మొహం. బావమరిది అన్న మాటని విరిస్తే ‘బావ, మరి, అది’ అని మూడు ముక్కలొస్తాయి. ఈయన మాట తీరూ అంతే.

“సార్, బావ ఆస్పత్రిలో ఉన్నాడు, మరి ఈ ప్రైవేటు మనిషి ఇక్కడేం చేస్తున్నట్టు, అదీ నా గదిలో?”

“మీ గదా, మీ బావగారి గదా?” అన్నాడు కూపీ.

“ఇద్దరిదీ. ఇందులో చెయ్యి పెట్టేవాళ్ళం బావా నేనూ, అంతే. బయటివాళ్ళని ఒక్క మీట కూడా ముట్టనివ్వం.”

“మంచి పద్ధతి. నిన్న పదకొండున్నరకి మీరెక్కడున్నారు?”

“చెప్పాను కదా. పొద్దున్నే పని మీద బయటికెళ్ళాను. పోలీసులు ఫోన్ చేస్తే వచ్చాను.”

“ఈ హార్డ్ డిస్క్ సంగతి?”

“నాకు తెలియదు. ఇప్పుడే చూస్తున్నాను. పాత స్టూడియో తగలబడినప్పుడు అందులోంచి బయటపడ్డ కంప్యూటర్ ఒకటి అటకమీద ఉండాలి. బావ అందులోంచి తీసుంటాడు.”

“తగలబడిందా?”

“పన్నెండేళ్ళయింది. ఎలక్ట్రీషియన్ చేసిన తప్పు. కేసయింది. వాడు జైలుకెళ్ళొచ్చాడు కూడా. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?”

“అడిగి చూద్దాం. దీన్నే” అంటూ కూపీ హార్డ్ డిస్క్ మీద వేలితో తట్టాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఓర్పు అయిపోయింది. “చాలు తమ్ముడూ. అనుమానంతో ఆడుకోవడానికి నీకు బోలెడు టైముంది, నాకు లేదు. డాక్టరమ్మని తీసుకెళ్తున్నాం.”

“అనుమానం నాది అన్నగారూ. అవమానం మీదవుతుంది. పది నిమిషాలు ఆగండి.”

“పోయినసారి మీ వదిన పుట్టింటి నగల కేసులో కూడా పది నిమిషాలే అడిగావు. రెండు నెలలు నా పరువు తీశావు.”

“దొరికాయిగా?”

“నా బీరువాలో దొరికాయి.”

మహిళా కానిస్టేబుల్ గోడవైపు తిరిగి దగ్గింది. ఇన్‌స్పెక్టర్ నెత్తి ఎర్రబడింది. ఈ సందడిలో కూపీ ఎర్రటేపు డబ్బాని ఊడబెరికాడు. మిక్సర్ వెనకనుంచి పసుపుటేపు డబ్బా ఇంకోటి తీశాడు. బల్ల కింద దొరికిన స్టిక్కరు డబ్బాతో కలిపి మూడింటినీ వరసగా పెట్టాడు. మూడింటి మొనలూ ఒకే లావు, ఒకే తీరు. అడాప్టర్ చేత్తో పట్టుకుని, కయ్యం ఇంకా పూర్తికానట్టు మొహం పెట్టి, “పాత ఇనుమంటారు, ఒక్కసారి కరెంటివ్వడానికి ఇంత ఏడుపా? ఇదిగో, దీనికి కరెంటివ్వండి, ఎవరైనా” అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. ఒక్కో డబ్బా తిప్పి చిన్న చిన్న అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. “ఇది ఇరవై నాలుగు వోల్టులు... ఇది తొమ్మిది... ఇది...”

బావమరిది ఫక్కున నవ్వి చెయ్యి చాపాడు. “ఆ మాత్రానికి అంత చదువెందుకు సార్? ఎరుపుకి ఎరుపు, పసుపుకి పసుపు. చీకట్లో కూడా తప్పు పోదు. మా బావ పెట్టిన పద్ధతి.” ఎర్రటేపు డబ్బా తీసి, మొన పట్టుకుని అడాప్టర్ దగ్గరికి తెచ్చాడు.

“పెట్టావంటే ఊరుకోను” అంది షాపావిడ.

ఆవిడ లేచొచ్చి బావమరిది చేతిలోని డబ్బాని లాక్కుంది.

“ఎవరి పద్ధతి ఏదైనా నాకనవసరం. అది నా అడాప్టర్. నా షాపులో ఎర్రటేపంటే ఆ సరుకు బయటికి అద్దెకిచ్చాం, తిరిగి రావాలని గుర్తు. అంతే. దీనికి కావలసింది పన్నెండు వోల్టులు. ఆ డబ్బా కూడా కలిపే పంపాను, మా స్టిక్కరుతో. మీరు పెట్టబోయింది ఇరవై నాలుగు. డిస్కు కాలి చస్తుంది.”

“ఒకసారి చచ్చింది మేడమ్” అన్నాడు కూపీ. ఇప్పుడతని గొంతులో వేళాకోళం లేదు. “అన్నగారూ, అక్కడే నిలబడి వినండి. లాప్‌టాప్‌లో ఉండే డిస్కయితే చిన్నది, లాప్‌టాప్ ఇచ్చే కరెంటు దానికి చాలు. ఇది డెస్క్‌టాప్‌ది, లావుది. అడాప్టర్‌కి విడిగా కరెంటివ్వకపోతే ఇది తిరగదు. మరి నిన్న పదకొండుంబావుకి ఇందులో ఫైలు తెరుచుకుంది. అంటే అప్పుడు సరైన డబ్బాయే తగిలించి ఉంది. తగిలించింది ఓనరు. షాపు పంపిన సంచీలోంచి అడాప్టర్‌నీ డబ్బానీ కలిపి తీసింది ఆయనే, ఆయనకి తికమక లేదు. పదకొండున్నరకి ఇక్కడ పెనుగులాట జరిగింది. ఆయన బల్లమీద పడ్డాడు. వైరు తెగినంత పనై డబ్బా కిందపడి బల్లకోడు వెనక ఇరుక్కుంది. ఆ తర్వాత ఎవరో డిస్కుని మళ్ళీ తిప్పాలని చూశారు.”

“మళ్ళీ ఎందుకు?” ఇన్‌స్పెక్టర్ గొంతు ఈసారి పోలీసు గొంతులా ఉంది.

“అందులో ఉన్నది చెరిపెయ్యడానికి. డాక్టర్ మెట్లెక్కి వచ్చేలోగా. చేతికందిన డబ్బా తగిలించాడు. మీరయితే ఏంచేస్తారు? ఇప్పుడే చూశాంగా, అంకెలు చదివారు. మా అక్కయినా అంకెలే చదువుతుంది, మందు సీసామీద చదివినట్టు. కొత్తవాడికి టేపు అంటే టేపే. ఈ గదిలో పనిచేసినవాడికి మాత్రం టేపు అంటే ఆజ్ఞ. ఎరుపు కనబడగానే చెయ్యి దానంతటదే ఎరుపు మీదకి పోతుంది. పన్నెండు తాగేదానికి ఇరవై నాలుగు పట్టించిన చెయ్యి ఈ గదిలో రోజూ పనిచేసే చెయ్యి. అలాంటి చేతులు నాలుగే. రెండు ఆస్పత్రిలో ఉన్నాయి.”

అందరూ మిగతా రెండు చేతులవైపు చూశారు. బావమరిది వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు.

“కథ బాగుంది” అన్నాడతను. “చచ్చిన డిస్కులో ఏముందో ఎవడు చూడొచ్చాడు? మీరు రాసుకోండి, మీ ఇష్టం వచ్చినట్టు.”

“చచ్చిందని ఎవరన్నారు?” అంది షాపావిడ. డిస్కుని తిరగేసి దీపానికి దగ్గరగా పెట్టింది. సంచీలోంచి పట్టకారు తీసి, బోర్డు మూల మాడిన చిన్న నల్లటి గింజని చూపించింది. “ఇది కాపలావాడు. కరెంటు మోతాదు మించితే ముందు ఇది కాలిపోయి, మొత్తానికి దారి మూసేస్తుంది. లోపల సమాచారం దాచే పళ్ళేలకి దెబ్బ తగలదు. కాపలావాణ్ణి పీకేస్తే దారి తెరుచుకుంటుంది. తర్వాత మాత్రం సరైన కరెంటే ఇవ్వాలి, ఈసారి అడ్డుపడేవాడుండడు.”

“పీకండి” అన్నాడు కూపీ.

“అది సాక్ష్యం” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మీరే ఇనుమన్నారు.”

ఇన్‌స్పెక్టర్ డాక్టర్ని చూశాడు, బావమరిదిని చూశాడు. బావమరిది నుదుటిమీద చెమట చూశాడు. ఈయన కోపిష్టే గాని గుడ్డివాడు కాదు. “వీడియో తియ్యి” అని మహిళా కానిస్టేబుల్‌తో అని, షాపావిడకి తల ఊపాడు.

గింజ ఊడింది. మునుపటి అడాప్టర్‌ని నమ్మనంటూ ఆవిడ సంచీలోంచి తను పరీక్షలకి వాడుకునే ఇంకోటి తీసి, దాని సొంత డబ్బాతో తగిలించింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత సన్నటి ఈల. పలక లోపల ఏదో మేలుకుని, గిర్రుమని తిరగడం మొదలుపెట్టింది.

బావమరిది గుమ్మంవైపు ఒక్కడుగు వేశాడు. కానిస్టేబుల్ రెండడుగులు వేశాడు.

లాప్‌టాప్‌లో ఆఖరి ఫైలు ఈసారి తెరుచుకుంది. ముందు ఎవరో పాడి ఆపారు. వీణ తీగ సవరించిన చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. ఓనర్‌కి టేకుకీ టేకుకీ మధ్య రికార్డింగ్ ఆపే అలవాటు లేదు. మంచి ముక్క పోతుందేమోనని భయం. ఆ ఖాళీలో ఒక గొంతు ఫోన్లో మాట్లాడుతోంది. పన్నెండేళ్ళు చిన్నదైన గొంతు, అయినా గుర్తుపట్టలేనిది కాదు.

‘...రాత్రికి మీటరు పక్కన అంటిస్తే చాలు. బీమా డబ్బు నా చేతికే వస్తుంది, బావ లెక్కలు చూడడు. లేదు లేదు, ఎలక్ట్రీషియన్ మీదకి పోతుంది. నోరులేనివాడు, ఏమీ అనలేడు...’

షాపావిడ ఆపేసింది. ఎవరూ ఆపమనలేదు.

“ఏమంటున్నాడు?” అంది పెద్దావిడ. చెవికి అరచెయ్యి ఆనించి అందరి మొహాలూ ఒక్కటొక్కటే చూసింది. “మావాడి గొంతులాగే ఉంది. ఏమంటున్నాడ్రా?”

ఇన్‌స్పెక్టర్ వచ్చి బావమరిది పక్కన నిలబడ్డాడు.

కూపీ షాపావిడ వైపు తిరిగాడు. “నిన్న ఆయన మీకు ఫోన్ చేసి ఏమన్నారు మేడమ్? ఉన్నదున్నట్టు చెప్పండి.”

“సరుకందాక ఒకమాట చెప్పమన్నాను. చెప్పారు. ‘అడాప్టర్ వచ్చింది. ఇవాళతో మొత్తం బయటపడుతుంది’ అన్నారు. ఏదో పాత పాట దొరుకుతుందని సంబరపడుతున్నారనుకున్నాను.”

డాక్టర్ కుర్చీలోంచి లేచింది. “అడాప్టరా?” అంది. “రెండ్రోజులుగా నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నది అడాప్టర్ కోసమా?”

“వచ్చింది అంటే మనిషి వచ్చినా వచ్చిందే, వస్తువు వచ్చినా వచ్చిందే” అన్నాడు కూపీ. “గోడ అడ్డం, వయసు అడ్డం. అ కాస్తా ఆ అయింది. పైగా పెద్దావిడకి నీమీద ముందునుంచీ కోపం, నువ్వు మెట్లమీద అల్లుణ్ణి తిట్టావని. విన్నది కొంత, అనుకున్నది కొంత.” ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

కూపీ పెద్దావిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. “ఆ డాక్టర్ కాదమ్మా. అ-డా-ప్ట-ర్. అదిగో, ఆ వైరున్న సామాను. మీ అల్లుడుగారు ఫోన్లో చెప్పింది దాని గురించి. డాక్టరమ్మ అప్పటికి పైకి రానేలేదు. దెబ్బ తగిలాకే వచ్చింది.”

పెద్దావిడ బల్లమీది అడాప్టర్‌ని చాలాసేపు చూసింది. తర్వాత డాక్టర్ని చూసింది. “రానేలేదా?” అంది మెల్లగా. ఇంతసేపట్లో ఆవిడ మెల్లగా మాట్లాడింది అదే మొదలు. “ఈ ఇన్‌స్పెక్టరు ‘బయటివాళ్ళెవరైనా వచ్చారా’ అనడిగితే డాక్టర్ పేరు చెప్పాను. ఇంట్లోవాళ్ళ సంగతి అడగలేదు కదా. చెప్పలేదు.”

“అమ్మా, నువ్వు లోపలికెళ్ళు” అన్నాడు కొడుకు. గోడలు అదిరేలా అన్నాడు. ఆవిడకి వినబడలేదో, వినదలచుకోలేదో.

“అల్లుడి గదిలోంచి వంటింట్లోకొచ్చి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, వెనక మెట్లు దిగిపోయావు. లోపల అల్లుడి దగ్గర డాక్టరుంది, ఏం భయంలే అనుకున్నాను.” ఆవిడ లేచి కొడుకు దగ్గరికొచ్చి, అతని జేబులోంచి ఒక చెయ్యి బయటికి తీసి పట్టుకుంది. “డాక్టర్ లేకపోతే మరి, ఆ గదిలో నువ్వొక్కడివేనా నాయనా ఉన్నది?”